చైనా పండగను వాయిదా వేసిన వైనం

చైనావాళ్ల కొత్త సంవత్సరం ఎప్పుడు రావాలో రెండేళ్లపాటు నేనే నిర్ణయించాను. మూడో ఏడు దాన్ని నెల రోజులు వాయిదా వేశాను. అంత సైన్యం, అన్ని ఫ్యాక్టరీలు, అంత పొడుగు గోడ ఉన్న దేశం, దివిసీమలో ఒక పీతల షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్న గుడివాడ మనిషి మాట జవదాటలేకపోయింది.

సరే, నిర్ణయించలేదు. ముందుగా తెలుసుకున్నాను, అంతే. తెలుసుకున్నది కూడా నేను కాదు, మా ఆవిడ. కానీ వాయిదా వేసిన మాట మాత్రం అచ్చంగా నాదే. అందులో ఎవరికీ వాటా లేదు.

ఇది జరిగి పదేళ్లు దాటింది. ఇప్పుడు కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు నా దగ్గరికొచ్చి, ప్రపంచం తలకిందులైపోతోంది తాతయ్యా, ఏ దేశం ఎవరి మీద సుంకం వేస్తుందో, ఏ యంత్రం ఎవరి పని పట్టుకుపోతుందో తెలియడం లేదని బెంగపడుతున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ధైర్యం చెప్పడానికి కాదు. ప్రపంచం తలకిందులైనప్పుడు నేనేం చేశానో చెబితే, మీరు అది చేయకుండా ఉంటారని.

ముందు మా షెడ్డు సంగతి. నాగాయలంక దాటాక, మడ అడవులు మొదలయ్యే చోట, కాలవ గట్టు మీద రేకుల షెడ్డు అది. మడల్లో దొరికే మండపీతల్ని కొని, కాళ్లు కట్టి, తడి గోనె కప్పి, చిల్లులు పొడిచిన థర్మోకోల్ పెట్టెల్లో సర్ది చెన్నై పంపేవాళ్లం. అక్కణ్ణుంచి విమానం. నీళ్లు లేకుండా పీత వారం బతుకుతుంది. ఆ వారంలో అది మా షెడ్డు నుంచి సముద్రాలు దాటి ఎవరి కంచంలోనో పడాలి. చనిపోయిన పీతను ఆ దేశాల్లో ఎవరూ కొనరు.

ఆ షెడ్డులో పనిచేసేవాళ్లం అందరం వేరే ఎక్కడో ఓడిపోయి వచ్చినవాళ్లమే. యజమాని బందరు మనిషి. చిలకలపూడిలో రోల్డుగోల్డు గాజులు చేయించి అమ్మేవాడు. చైనా నుంచి మిషను నగలు గంపలకొద్దీ చవగ్గా వచ్చి పడేసరికి గాజులు వదిలేసి పీతల్లోకి దిగాడు. "నా గాజుల్ని చైనావాడు మింగాడయ్యా. వాడి చేత పీతలు మింగించి వసూలు చేస్తా" అనేవాడు. పీతలకు తాళ్లు కట్టే ఆయనది పెడన. ముప్పై ఏళ్లు మగ్గం నేసిన చేతులు. మరమగ్గాలు వచ్చి మగ్గం పోయింది, ముడి వేసే నేర్పు మిగిలింది. కరవడానికి కత్తెరల్లాంటి డెక్కలు చాచిన పీతను ఒక చేత్తో అదిమి, మనం రెప్ప వేసేలోగా కట్టి పక్కన పెట్టేవాడు. నన్ను బావా అని పిలిచేవాడు. చుట్టరికం ఏమీ లేదు, ఎగతాళి చేయడానికి వీలుగా ఉంటుందని.

ఇక నేను. గుడివాడ స్టేషన్ దగ్గర ఎస్టీడీ బూతు నడిపేవాణ్ణి. ఊళ్లో ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారో అన్నీ నాకు తెలిసిన రోజులవి. సెల్‌ఫోన్లు వచ్చాయి. అద్దాల గది తీసి పక్క కొట్టువాడు చెప్పులు పెట్టుకున్నాడు. అలా యాభై ఏళ్లకు దగ్గర పడుతుండగా పీతల కంపెనీలో క్వాలిటీ సూపర్‌వైజరునయ్యాను. పేరు ఘనంగా ఉంది కదా? పని, పీతను తిరగేసి, కాళ్ల మొదట్లో పొట్టను బొటనవేలితో నొక్కడం. గట్టిగా ఉంటే నిండు పీత. లొత్తపడితే నీళ్ల పీత. పీత పెరగాలంటే పాత పెంకు వదిలి పెద్ద పెంకులోకి మారాలి. మారిన కొత్తల్లో ఇల్లు పెద్దది, లోపల సామాను ఉండదు. అలాంటిది విదేశం వెళ్లకూడదు. నిండా, నీళ్లా అని నేను అన్న మాటకు తిరుగు లేదు. రోజుకు వెయ్యి పీతలు నొక్కేవాణ్ణి.

వెయ్యి కాదు. మూడు నాలుగు వందలుంటాయి.

ఇంతకీ ఈ వ్యాపారంలో అసలు సరుకు పీత కాదు, కబురు. అవతలి దేశంలో ధరెంతో చెన్నై ఏజెంటుకు తెలుసు. అతను అందులో సగం మా యజమానికి చెప్పేవాడు. ఆయన అందులో సగం నాకు చెప్పేవాడు. నేను గట్టు మీద నిలబడి, అందులో సగం మడల్లోంచి పీతలు తెచ్చినవాళ్లకు చెప్పేవాణ్ణి. బందరు రేవుకు తెల్లవాళ్ల ఓడలు వచ్చిన నాటి నుంచీ ఇదే వరస అని నా అనుమానం. పెడన బట్టకు అవతలి ఒడ్డున ఏం పలుకుతుందో తెలిసినవాడు దొర, తెలియక ఇవతలి ఒడ్డున నిలబడ్డవాడు కూలీ. దేశాల పేర్లు మారాయి. నేను చేరినప్పుడు పీతలు సింగపూరు పోయేవి. నాలుగైదేళ్లలో, ఎవరూ మాకు చెప్పకుండానే, పెట్టెల మీద చీటీలు చైనావి అయిపోయాయి. ఒక దేశం బలిసిందన్న సంగతి నాకు పేపరు చదివి తెలియలేదు, చీటీ మారితే తెలిసింది.

ఆ చైనావాళ్లకు ఏడాదికోసారి కొత్త సంవత్సరం. ఆ విందులో గుడ్డు నిండిన ఆడపీత ఉండి తీరాలట. ఆ పది రోజులూ ధర చుక్కలనంటేది. ఎప్పుడొస్తుందో ఏజెంటు మాత్రం చివరి వారం దాకా నోరు విప్పడు. ముందే తెలిస్తే మేం పీతల్ని ఆపి పెట్టుకుంటామని అతని భయం.

మా ఆవిడకు పుష్యమాసం అమావాస్యకు పాలకాయతిప్ప వెళ్లి, కృష్ణ సముద్రంలో కలిసే చోట స్నానం చేయడం అలవాటు. ఒక ఏడాది తీసుకెళ్దామని సెలవడిగాను. "కుదరదయ్యా, చైనావాళ్ల పండగ, లోడు మీద లోడు" అన్నాడు యజమాని. మరుసటి ఏడు మళ్లీ అడిగాను. మళ్లీ అదే మాట. ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ చేతిలో చెంబు ఠక్కున కింద పెట్టింది.

"ఆ చైనావాళ్లకి నా అమావాస్యే దొరికిందా ఏటేటా?"

అప్పుడు వెలిగింది నాకు. అటక మీది పాత పంచాంగాలు దింపి చూశాను. రెండేళ్లూ ఒకే తిథి. వాళ్లదీ చంద్రుడి లెక్కే అన్నమాట. మన పుష్య అమావాస్య దాటితే వాళ్ల ఉగాది.

మర్నాడు షెడ్డులో నేను చెప్పిన తీరు ఇది కాదు. గుడివాడలో ఒక సిద్ధాంతి గారి దగ్గర మూడు నెలలు శుశ్రూష చేసి, చైనా వాళ్ల గ్రహగణితం సాధించానన్నాను. తర్వాతి ఏడాది నెల ముందే తేదీ చెప్పాను, సరిగ్గా వచ్చింది. ఆ పై ఏడాదీ వచ్చింది. తాళ్ల బావ నాకు 'చైనా సిద్ధాంతి' అని పేరు పెట్టాడు. చెన్నై ఏజెంటు ఫోన్ చేసి, "మీకు బీజింగులో ఎవరైనా ఉన్నారా సార్?" అని గొంతు తగ్గించి అడిగాడు. లేరని నేను చెప్పలేదు.

ఇప్పుడు చెల్లెమ్మ సంగతి. నన్ను అన్నయ్యగారూ అనేది కాబట్టి అలాగే రాస్తాను. యాభై దాటిన మనిషి. భర్త వేరేవాళ్ల బోటు మీద సముద్రంలోకి వెళ్లేవాడు. ఈమె పోటు తీసిన వేళ మోకాలి లోతు బురదలో మడల్లోకి దిగి, బొరియలో పొడుగాటి ఇనుప కొక్కెం దూర్చి పీతను లాగేది. పాతికేళ్లు అదే పని. మోకాలి చిప్ప అరిగిపోయింది. బురదలో దిగబడిన కాలు పైకి లాగలేక ఒకసారి పోటు వచ్చేదాకా అక్కడే ఉండిపోయింది. అందుకని కొడుకూ కోడలూ కాలవ పక్కన చిన్న చెరువు తవ్వి చుట్టూ వల కట్టి ఇచ్చారు. మేం నీళ్ల పీతలు అని తోసేసినవాటిని కొని, నెలపాటు చిల్లర చేప ముక్కలు మేపి, నిండాక మాకే అమ్మాలని ఆమె ఆలోచన. పండగ ధర ఒక్కసారి తగిలితే కొక్కెం జోలికి మళ్లీ పోనక్కర్లేదు. తగలకపోతే మళ్లీ బురదే.

"పండగెప్పుడో కాస్త చూసి చెప్పండి అన్నయ్యగారూ. ఉన్నదంతా దీంట్లోనే పెడుతున్నా" అంది.

నేను కళ్లు మూసుకుని వేళ్ల కణుపులు లెక్కపెట్టాను. లెక్కపెట్టడానికి ఏమీ లేదు. తిథి ముందు రోజే చూసుకున్నాను. కానీ అలా చేస్తే బాగుంటుంది. "పుష్య అమావాస్య. రాసి పెట్టుకో" అన్నాను.

ఆమె నాలుగు వందల పైచిలుకు పీతల్ని చెరువులో దించింది.

అమావాస్యకు ఇంకా ఎనిమిది రోజులుందనగా, పొద్దున్నే మొదటి విడత పీతల్ని ఆటోలో వేసుకుని వచ్చింది. తిరగేసి నొక్కాను. రాయిలా ఉన్నాయి. అన్నీ గుడ్డు నిండిన ఆడపీతలు. అలాంటి సరుకు నా సర్వీసులో చూడలేదు. షెడ్డంతా చూస్తుండగా, కాలు మీద కాలేసుకుని ఏజెంటుకు ఫోన్ చేశాను.

"పండగ లోడు తయారు సార్. రేటు చెప్పండి."

"ఏ పండగ సార్?"

"మీ చైనాదే."

"అది వచ్చే నెల కదా సార్! ఈ నెలలో అని మీకెవరు చెప్పారు?"

ఎవరు చెప్పారని చెప్పను? కాలు మీది కాలు దానంతటదే దిగింది. ఫోన్ పెట్టేసిన తర్వాత కూడా చెవి దగ్గరే ఉంచుకుని, "ఓహో... అలాగా... అయ్యో" అని కాసేపు అన్నాను. తాళ్ల బావ ముడి మధ్యలో ఆపి నా మొహం చూస్తున్నాడు. చెల్లెమ్మ ఆటో కడ్డీ పట్టుకుని నిలబడింది.

అప్పుడన్నాను ఆ మాట. "పండగ వాయిదా పడిందట."

"ఏం బావా, వాళ్లకి వానొచ్చిందా?" అన్నాడు తాళ్ల బావ.

"నవ్వులాట కాదు. అమెరికాకీ వాళ్లకీ చెడింది. సముద్రంలో ఏవో దీవుల దగ్గర ఓడలు ఎదురెదురుగా నిలబెట్టుకున్నారట. ఇలాంటప్పుడు పండగేంటని పెద్దలు కూర్చుని నెల రోజులు వెనక్కి జరిపారు."

పెట్టెలు చెన్నై తోలే వ్యాను డ్రైవరు బీడీ నోట్లోంచి తీసి, "అవునండీ, రాత్రి టీవీలో చూపించారు" అన్నాడు.

బాబూ, నేను చాలా అబద్ధాలాడాను గానీ, ఆడిన నిమిషంలోపే సాక్షి దొరికింది అదొక్కదానికే. మధ్యాహ్నానికి కబురు అవనిగడ్డ చేరింది. తిరిగి నా దగ్గరికొచ్చేసరికి అందులో రెండు జలాంతర్గాములు చేరాయి. సాయంత్రం బందరు నుంచి యజమాని ఫోన్ చేసి, "ఏంటయ్యా, చైనావాళ్లు పండగ మానుకున్నారటగా? నాకు ఒక్కడూ చెప్పడే!" అని నొచ్చుకున్నాడు.

అందరూ నమ్మారు. నమ్మకేం, మా షెడ్డులో మగ్గాన్నీ గాజుల్నీ ఎక్కడో ఉన్న ఎవరో లాగేసుకున్నారు, ఎందుకో ఎవరూ చెప్పలేదు. పెద్ద దేశాలు కొట్టుకున్నాయి కాబట్టి మన పీత ఆగిపోయింది అంటే, మావాళ్లకు అందులో వింతేమీ కనిపించలేదు.

చెల్లెమ్మ ఒక్కతే నవ్వలేదు, అమెరికాను తిట్టలేదు. గంపలోని పీతల్ని చూస్తూ, "పండగ వాయిదా పడితే పీత వాయిదా పడిద్దా అన్నయ్యగారూ?" అంది.

నిండిన పీతను చెరువులో ఎక్కువ రోజులు ఉంచలేం. ఒకదాన్నొకటి డెక్కలతో విరుచుకుంటాయి. వాటిల్లో ఏదైనా పెంకు మారిందంటే, మెత్తగా ఉన్న ఆ పూట మిగతావి దాన్ని బతకనివ్వవు. ఆమె గంప తిరిగి ఆటోలో పెట్టించుకుని వెళ్లిపోయింది. ఆ కుంటినడక వెనక నుంచి చూశాను. ఆ పూట అన్నం తినలేదు. తిన్నాను, కానీ పెరుగు వేసుకోలేదు.

మర్నాడు పొద్దున్న కోడల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఇంటర్ దాకా చదివిన పిల్ల. చేతిలో కొత్త ఫోను.

"మావయ్యగారూ, ఇది చూడండి. చైనా సెలవుల పట్టిక. వచ్చే నెలలోనే ఉందండి" అంది ఆ పిల్ల, తెర నా వైపు తిప్పి.

"అదేగా నేనూ చెప్పింది. మార్చారు" అన్నాను.

"మార్చలేదండి. ఇది పోయినేడే వేశారు. తేదీ కింద రాసుంది."

తాళ్ల బావ తాడు కింద పెట్టాడు. బూతు నడిపిన రోజుల్లో ఎందరి రహస్యాలో విన్నాను. నాది ఇలా అరచేతంత అద్దంలో కనిపిస్తుందని అనుకోలేదు.

చెల్లెమ్మ అడిగింది. "వాళ్లు వాయిదా వేశారా, మీరు వేశారా?"

"నేనే" అన్నాను. అంతా చెప్పాను. సిద్ధాంతి లేడని, మా ఆవిడ స్నానమని, పంచాంగమని. ఆ తర్వాత తీరిగ్గా తెలుసుకున్నదేంటంటే, మనకు అధికమాసం ఉన్నట్టే వాళ్లకూ ఒక అదనపు నెల వస్తుంది. కానీ మనకొచ్చిన ఏడే వాళ్లకు రావాలని లేదు. ఆసారి వాళ్లది ముందే వచ్చి పోయింది, మనది ఇంకా రావాలి. దాంతో వాళ్ల పండగ మన పుష్య అమావాస్య దాటి పై అమావాస్యకు పోయింది. చంద్రుడొక్కడే, లెక్కలు రెండు. రెండేళ్లు కలిశాయి కదా అని మూడో ఏడు చూసుకోలేదు. నేనే కాదు, ఎవరూ చూడలేదు. ఫోన్లు అందరి జేబుల్లోనూ ఉన్నాయి. నేను రెండుసార్లు నిజం చెప్పడమే కొంప ముంచింది.

"నాకు తెలియదమ్మా అని ఒక్క మాటంటే సరిపోయేది. ఆ మాట మీ కంపెనీలో ఎవరికీ రాదా?" అంది చెల్లెమ్మ. గొంతు పెంచలేదు. "బురదలోకి మళ్లీ దిగమంటే నా మోకాలు ఒప్పుకోదండి. అది మీకు తెలుసు."

తెలుసు.

తిట్టడం అక్కడితో ఆపేసి పనిలోకి దిగింది. అదీ ఆ మనిషి. "సగం ఇవాళే అమ్మేస్తా, ఏ ధర వస్తే ఆ ధరకి. సగం ఉంచుతా. ఆ సగం చచ్చిపోకుండా చూసే దారి మీలో ఎవరన్నా చెప్పండి. అబద్ధం కాకుండా."

సగాన్ని విజయవాడ, గుడివాడ హోటళ్లకు పంపేశాం. మిగతా సగానికి దారి చెప్పింది తాళ్ల బావ. మేం ఎగుమతికి కట్టే నైలాను తాడు వేస్తే పీత మేత తినలేదు. అసలు కట్టకపోతే పక్కదాన్ని చంపుతుంది. ఆయన పెడన వెళ్లి, అటక మీద మూలబడిన నూలు కండెలు తెచ్చాడు. డెక్కలు పూర్తిగా విచ్చుకోకుండా, నోటి దాకా మాత్రం వచ్చేలా మెత్తటి నూలుతో ఒక ముడి కనిపెట్టాడు. నీళ్లలో నానినా జారదు, బిగుసుకోదు. రెండు వందల పీతలకు మూడు రోజులు కూర్చుని కట్టాడు. "మరమగ్గం ఈ ముడి వేస్తుందేమో కనుక్కో బావా, నీ చైనాలో" అన్నాడు.

మేత వేయడం నా వంతు. ఎవరూ వేయమనలేదు, వేయనని అనగలిగే మొహం లేదు. నెల రోజులు, డ్యూటీకి ముందు రెండు గంటలు, చెరువులో నడుములోతున నిలబడి చిల్లర చేపల్ని గోరంత ముక్కలు కోసి ఒక్కో పీత నోటికీ అందించాను. ఎక్కువ పెడితే పెంకు మారుస్తుంది, తక్కువ పెడితే లోపల కరిగిపోతుంది. ఒక రోజు ఒక ముసలి పీతను చూసి జాలేసి ముడి కాస్త వదులు చేశాను. అది నా కుడి బొటనవేలు పట్టుకుంది. మా మనవరాళ్లకు ఆ వేలిని మొసలి కొరికిందని చెప్పి ఉంచాను. పోయింది గోరే. మళ్లీ వచ్చింది, కొంచెం వంకరగా.

గట్టు మీద కూర్చుని చెల్లెమ్మ నా మీద అజమాయిషీ చేసేది. "ఆ మూల దానికి పెట్టలేదు. అమెరికా గురించి ఆలోచిస్తున్నారా?" "చైనావాళ్లు పెళ్లిళ్లు కూడా వాయిదా వేశారా అన్నయ్యగారూ?" నెల రోజులూ ఒక్క పూట వదల్లేదు. పడ్డాను.

యజమానికి కూడా నిజం చెప్పేశాను, బందరు వెళ్లి. ఆయన గతుక్కుమని, చుట్టూ చూసి, "ఇంకెవరికీ చెప్పకయ్యా. పండగ వాయిదా సంగతి నాకు లోపలి మనుషుల ద్వారా ముందే తెలుసని బజారంతా చెప్పుకున్నాను. నా పరువు పోద్ది" అన్నాడు. కాబట్టి బందరు బజారులో కొందరి లెక్క ప్రకారం ఆ పండగ వాయిదా పడిన మాట ఇప్పటికీ నిజమే.

ఆ ఏడాది తర్వాత మా వ్యాపారంలో ఒక మార్పు వచ్చింది. దాన్ని ఏ టీవీలోనూ చూపించలేదు. చెల్లెమ్మ కోడలు మరో పదిమంది ఆడవాళ్లతో ఫోనులో ఒక గుంపు పెట్టింది. అవతలి దేశంలో ధర, పండగల తేదీలు, విమానాలు ఎగురుతున్నాయా లేదా, అన్నీ అందులో పడేవి. నేను గట్టు మీద నిలబడి ధర చెబితే, "అంతేనా మావయ్యగారూ? ఇంకోసారి కనుక్కోండి" అనేవాళ్లు నవ్వుతూ. సగంలో సగంలో సగం చెప్పే మా వరస అక్కడితో తెగింది. దేశాలు లేస్తాయి, కూలతాయి, అది పెద్దవాళ్ల సంగతి. నా కళ్లముందు లోకం మారింది అంటే అది ఆ పిల్ల నవ్వులోనే. నాకు చిన్నతనం అనిపించలేదా అంటే, అనిపించింది. వారం రోజులు. నెల రోజులు.

ఆ తర్వాత వైరస్ ఏడాది వచ్చింది. పండగ పంచాంగం ప్రకారమే వచ్చింది గానీ విమానాలు ఆగిపోయాయి, పెట్టెలు వెనక్కొచ్చాయి. నేను రిటైరయ్యాను. ఇప్పుడు ఒకరోజు ఎక్కడో యుద్ధమని ఆకాశం మూస్తారు, ఒకరోజు అమెరికా సుంకమని రొయ్యల చెరువులవాళ్లు తలపట్టుకుంటారు. గుడివాడలో టీ కొట్టు దగ్గర నన్ను చూసి, "మీరు ఎగుమతుల్లో చేశారు కదా, ఏమవుతుందంటారు?" అని అడుగుతారు. తెలియదండీ అంటాను. ఆ మాట నేర్చుకోవడానికి నాకు అరవై ఏళ్లు పట్టింది. అడిగినవాళ్లకు మాత్రం నచ్చదు. లేచి పక్క బల్ల దగ్గరికి పోతారు, అక్కడ తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు.

ఆ ఏడాది అసలు పండగ ముందు రోజులకు వస్తాను. రెండు వందల్లో నూట యాభై పైగా బతికాయి. చెల్లెమ్మ వాటిని తెచ్చిన రోజు షెడ్డు కిక్కిరిసి ఉంది. కొత్తగా అప్పుడే, ఏ పీత ఎవరు పెంచారో అవతలివాళ్లకు తెలియడానికి, పెట్టెల మీద నల్లగీతల స్టిక్కర్లు అంటించడం మొదలైంది. చెల్లెమ్మకు కూడా ఒక నంబరు వచ్చింది. దాన్ని వేలితో తడిమి చూసుకుంది.

నేను నొక్కడం మొదలుపెట్టాను. నిండు, నిండు, నిండు. మధ్యలో ఒకటి లొత్తపడింది. నెల రోజుల కొరత మేతకు లోపల కరిగిపోయిన పీత. దాని ధర పదో వంతు కూడా రాదు. నా వేలు ఒక్క క్షణం ఆగింది. "నిండు" అని పెట్టెలో వేశాను. అలాంటివి పదకొండు తగిలాయి. పదకొండింటినీ నిండు అన్నాను. నా తప్పుకు ఆమె ఎందుకు నష్టపోవాలని. ఉద్యోగంలో నేను చేసిన ఒకే ఒక్క అవినీతి అది.

ఒకే ఒక్కటి కాదు. కానీ మిగతావి నా కోసం చేసుకున్నవి.

మూత వేయబోతుంటే చెల్లెమ్మ వచ్చి పెట్టె పట్టుకుంది. ఒక్కోటీ తీసి, తిరగేసి, చూడకుండానే నొక్కి, పదకొండింటినీ ఏరి పక్కన పెట్టింది. నాకు పని నేర్పింది ఆమేనని ఇంతవరకూ రాయలేదు కదూ. చేరిన కొత్తల్లో నేను పీతను నడ్డిమీద నొక్కుతుంటే చూసి నవ్వి, ఎక్కడ నొక్కాలో చూపించింది ఈమే.

"ఇవి ఉంచమ్మా, ఎవరు చూస్తారు?" అన్నాను గొంతు తగ్గించి.

"విప్పినోడు చూస్తాడండి. నా నంబరు దీని మీద ఉంది. మీరంటే అన్నయ్యగారు కాబట్టి క్షమించా. వాడికి నేనేమవుతానని?"

మూత వేసి స్టిక్కరు తనే అంటించింది. ఆ పెట్టెలు పండగ ధరకే వెళ్లాయి. ఆమె చెరువు నిలబడింది.

ఆ రోజు మధ్యాహ్నం నన్నూ తాళ్ల బావనూ భోజనానికి పిలిచింది. వసారా చూరుకు ఆమె పీతల కొక్కెం తగిలించి ఉంది, దానికి ఉల్లిపాయల సంచి వేలాడుతోంది. పదకొండు పీతల్నీ చింతపండు పులుసు పెట్టింది. కోడలు విస్తళ్లు వేసింది. తాళ్ల బావ ఒక డెక్క కొరికి నా వైపు చూసి, అన్నం కలుపుకోవడంలో మునిగిపోయాడు. నేను పెంకు విరిచాను. పులుసు కారింది, నీళ్లు కారాయి, వేలితో తడిమితే లోపల ఏమీ తగల్లేదు. ఇంకోటి విరిచాను. అదీ అంతే.

చెల్లెమ్మ గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"ఎలా ఉంది అన్నయ్యగారూ? మాంసం ఉందా?"

పొగడ్త నోటి చివరి దాకా వచ్చింది. ఆమె మొహం చూశాను.

"నీళ్లమ్మా" అన్నాను.

"అమ్మయ్య" అని, గిన్నెలోంచి ఇంకో పీత తీసి నా విస్తట్లో వేసింది.